ఎముక చెప్పిన వయసు

ఆ గురువారం ఫిజీ రాజధాని సువాలో తెల్లవారక ముందే పట్టుకున్న వాన మధ్యాహ్నం కావస్తున్నా వదల్లేదు. కమ్మింగ్ వీధిలో దర్జీ షాపు పైనున్న చిన్న గదిలో కప్పు కారుతోంది. కారిన చోట బకెట్టు పెట్టడం, నిండిన బకెట్టు కిటికీలోంచి పారబోయడం, కింద దర్జీ తిట్లు వినడం, మళ్ళీ బకెట్టు పెట్టడం, ఇదీ పొద్దుటి నించీ తొరికా చేస్తున్న డిటెక్టివ్ పని. పోలీసు ఉద్యోగంలో ఉండగా దొంగ వెంట పరుగెత్తి మోకాలు విరగ్గొట్టుకుని, ఉద్యోగం వదిలి సొంత బోర్డు కట్టుకున్న మనిషి ఆమె. మోకాలు అతికింది గానీ వాన పడితే సలుపుతుంది. సువాలో వాన పడనిదెప్పుడు?

ఆమె దగ్గర గుర్రప్ప అని ఒక సహాయకుడున్నాడు. వాళ్ళ ముత్తాత చెరుకు తోటల పనికి తెలుగు దేశం నించి ఓడెక్కి వచ్చినవాడు. గుర్రప్ప టాక్సీ నడుపుకుంటూ ఒకసారి తొరికాను ఎక్కించుకున్నాడు. ఆమె ఒక కేసు విడదీసిన తీరు చూసి, టాక్సీతో సహా ఆమె దగ్గరే ఉండిపోయాడు. ఆమె దగ్గినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

తలుపు తట్టకుండా ఒకామె లోపలికొచ్చి, వెనక్కి తిరిగి గడియ పెట్టింది. నిలువునా తడిసి ఉంది.

"గడియెందుకమ్మా? ఎవరన్నా తరుముతున్నారా?" అంది తొరికా.

"తరిమినా బాగుండేదక్కా. చూస్తున్నారు. చర్చిలో చూస్తున్నారు, చేపల బజార్లో చూస్తున్నారు. మీ మెట్లెక్కడం కూడా చూసే ఉంటారు." ఆమె కుర్చీలో కూలబడింది. "నా పేరు ఉనైసి. నా కొడుకు వయసెంతో నాకు తెలీదంటున్నారు."

కొడుకు పేరు వైసేయా. పదహారేళ్ళు. పదిహేడు లోపు పిల్లల రగ్బీ జట్టులో ఎంపికయ్యాడు. మనిషి తాటిచెట్టంత ఉన్నాడు కదా, ఎవరో సంతకం లేని ఫిర్యాదు పెట్టారు: వీడు పదిహేడు లోపు కాదు, వయసు దాచారు అని. పోటీల కమిటీ వాడి ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించింది. ఎముకలు పద్దెనిమిది దాటినవని డాక్టరు రాసిచ్చింది.

"ఆటలోంచి తీసేస్తారు, అంతేగా వదినా? వచ్చే ఏడు పెద్దవాళ్ళతో ఆడతాడు," అన్నాడు గుర్రప్ప ఓదార్పుగా.

"ఆట ఏట్లో కలిస్తే నాకేంటయ్యా!" ఉనైసి అరిచింది. తర్వాత గొంతు తగ్గించింది. "మా పెళ్ళయి పదిహేడేళ్ళు. అయిన రెండు నెలలకే మా ఆయన్ని సైన్యంలో లెబనాన్ పంపారు. నేను పుట్టింటికి, కందావు దీవికి వెళ్ళిపోయా. బిడ్డ అక్కడే పుట్టాడు, పుట్టిన కాగితం తర్వాతెప్పుడో రాయించిందే. ఆయన తిరిగొచ్చేసరికి వాడు నడుస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఏ మాటా లేదు. ఇప్పుడు వీడికి పద్దెనిమిది దాటాయంటే అర్థమేంటక్కా? పెళ్ళికి ముందే ఎవరికో కని, దీవిలో దాచి, ఆయనొచ్చాక చేతిలో పెట్టాననేగా?"

తొరికా బకెట్టు సంగతి మర్చిపోయింది.

"మీ ఆయనేమంటాడు?"

"ఏమన్నా అంటే కదా! సంచి సర్దుకుని వాళ్ళన్న జొసాయా బావగారింటికి వెళ్ళిపోయాడు. నాన్నా అని పిల్లాడు వెళ్తే మొహం మీద తలుపేశాడు. శనివారం క్లబ్బు హాల్లో కమిటీ ఆ కాగితం అందరి ముందూ చదువుతుంది. అది చదివిన రోజే నన్ను కందావు పడవెక్కిస్తానని కబురంపాడు."

"ఇంకో ఎక్స్‌రే తీయిస్తే పోదా?"

"ఆ మిషను పాడైంది. సామాను సిడ్నీ నించి రావాలట. లౌతోకాలో ఇంకోటుంది గానీ వంతెన మునిగి దారి లేదు. ఉన్నా మేం చెప్పిన ఆస్పత్రిలో తీసిందే చెల్లుతుందని కమిటీ."

"దరిద్రం," అంది తొరికా. ఆ మాట వానకో కమిటీకో మోకాలికో గుర్రప్పకి తెలియలేదు. మూడింటికీ సరిపోతుంది.

---

ఆస్పత్రిలో పని జరగలేదు. ఎక్స్‌రే తీసిన మనిషి సెలవు మీద రోతుమా దీవికి ఓడెక్కాడు. ఎవరెవరికి తీశాడో రాసుకున్న పుస్తకం బీరువాలో ఉంది, బీరువా తాళం అతని జేబులో ఉంది. కిటికీ దగ్గరి నర్సు ఆవలిస్తూ చెప్పింది. "ఆ రోజు రగ్బీ పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ వచ్చారు. చేతుల నొప్పులకేం కొదవ? పేర్లడక్కండి, నాకు గుర్తుండవు."

అక్కణ్ణించి కొండ మీద డాక్టర్ సలోతే క్లినిక్‌కి వెళ్ళారు. కమిటీ తరపున ఫిల్ములు చదివి అభిప్రాయం రాసేది ఆమె. ప్రశ్న పూర్తి కాకముందే చిరాకు పడిపోయింది.

"నా మీద అరవడానికి వచ్చిన వాళ్ళలో మీరు నాలుగోవాళ్ళు. ఫిల్ములో ఏముందో అదే రాశాను."

"అరవను. చూపించండి చాలు. పిల్లాణ్ణి చూశారా మీరు?"

"నాకు పిల్లలతో పని లేదు. ఆస్పత్రిలో ఫిల్ము తీసి, కవర్లో పెట్టి, పేరు చీటీ అంటిస్తారు. జట్టు వ్యానులో నా దగ్గరకొస్తుంది. చదివి రాస్తాను. అంతే."

ఆమె ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టింది. నల్లటి నేపథ్యంలో తెల్లటి చెయ్యి. వేళ్ళ ఎముకలు, అరచేతి ఎముకలు, మణికట్టులో గులకరాళ్ళలా ఎనిమిది చిన్న ఎముకలు.

"ఎదిగే పిల్లల ఎముక ఒకే ముక్కగా ఉండదు. కొసన ఒక టోపీ, మధ్యలో మెత్తటి పొర. ఫిల్ములో ఆ పొర నల్ల గీతలా కనిపిస్తుంది. పొడవు పెరిగేదంతా అక్కడే. ఎదుగుదల అయిపోయాక టోపీ అతుక్కుపోతుంది, గీత పోతుంది. ఇక్కడ చూడండి, మణికట్టు దగ్గర గీత ఉందా?"

"లేదు. అయితే ఈ చేతికి పద్దెనిమిదా, నలభయ్యా?"

"గీత మూసుకుపోయాక అది చెప్పడం కష్టం. పద్దెనిమిది దాటింది అని రాశాను. తప్పేముంది?"

తొరికా మోకాలు పట్టుకుని ముందుకి వంగింది. "ఎడమ చెయ్యే ఎందుకు తీస్తారు?"

"ఎక్కువమందిది కుడి చేతి వాటం. ఎడమది పనిలో అరగదు."

"మరి ఈ బొటనవేలు మొదలేంటి ఇలా ఉంది? రెండు ఎముకల మధ్య సందే లేదు. అంచులు గరుగ్గా లేచాయి."

సలోతే భుజాలెగరేసింది. "ఆటగాడు. దెబ్బ తగిలుంటుంది. నన్నడిగింది గీతల గురించి."

"చిటికెన వేలి పక్కన ఈ గింజ?"

డాక్టరు మొదటిసారి దగ్గరగా చూసింది. అరచేతి బయటి అంచున, చిటికెన వేలు మొదలయ్యే చోట, బియ్యపు గింజంత ఎముక మొలక. "ఆరో వేలు పుట్టుంటుంది. పసితనంలో తీసేసి ఉంటారు, మొదలు మిగిలింది. దీనికీ వయసుకీ సంబంధం లేదు."

ఫిల్ము తను దాచి ఉంచి శనివారం హాలుకి స్వయంగా తెస్తానని డాక్టరు మాటిచ్చింది. అంతకంటే ఏమీ ఇవ్వలేదు.

---

వెనక్కి వస్తూ గుర్రప్ప రొట్టెలూ కోడి కూరా కట్టించాడు. వాన హోరులో టాక్సీ ఆపుకుని తిన్నారు.

"నాకొకటి అర్థం కాలేదక్కా. ఎముకంటే కర్రలాంటిదేగా? దానికి వయసేంటి, పనేంటి?"

"కర్ర చచ్చింది. ఎముక బతికున్నది. నీ ఒంట్లో నెత్తురు ఊరేది దాని లోపలే. పుట్టినప్పుడు మూడొందల దాకా ముక్కలు, ఎదిగేకొద్దీ అతుక్కుని రెండొందల ఆరవుతాయి. నిన్ను నిలబెట్టేది అది, గుండెకి పంజరం కట్టేది అది." ఆమె అతని చేతిలోని ముక్క వైపు చూపింది. "లేత కోడి కాలు కొస ఎలా ఉంటుంది?"

"మెత్తగా, కరకరలాడుతూ. నమిలేస్తాం."

"ముసలి పుంజుది?"

"పళ్ళు ఊడతాయి."

"అదే డాక్టరు చెప్పింది. ఇంకోటుంది. ఏ చేత్తో ఎక్కువ బరువు పని చేస్తే ఆ ఎముక అంతగా లావెక్కుతుంది. కీలులో మెత్తటి పొర మాత్రం ఏళ్ళ తరబడి రాసుకుని అరుగుతుంది. ఆ ఫిల్ములో బొటనవేలు ముసలి పుంజుది గుర్రప్పా. బళ్ళో చదివే పిల్లాడిది కానే కాదు."

గుర్రప్ప తినడం మానేసి ఆమెనే చూశాడు. "అయితే కేసు తేలిపోయినట్టే!"

"తేలిపోయిందా? దెబ్బ తగిలుంటుందని డాక్టరే అనేసింది. కమిటీ ఆ మాట పట్టుకుంటుంది. అది వైసేయా చెయ్యి కాదని రుజువేది? ఆ గింజ ఉందిగా. వాడి చేతికి అది లేకపోతే చాలు, పని అయిపోతుంది."

పని అయిపోలేదు. మర్నాడు పొద్దున్నే రైవాంగాలో ఉనైసి ఇంటికెళ్ళి కుర్రాడి ఎడమ చెయ్యి తిప్పి చూస్తే, చిటికెన వేలి పక్కన తెల్లటి చిన్న మచ్చ. నొక్కితే చర్మం కింద గట్టిగా తగిలింది. బియ్యపు గింజంత.

తొరికా ఆ చెయ్యి వదిలేసి బయటికొచ్చి టాక్సీ కప్పు మీద గుద్దింది. ఉన్న ఒక్క ఆధారమూ ఎదురు తిరిగింది.

"నా బండేం చేసిందక్కా?" అన్నాడు గుర్రప్ప.

"నోర్ముయ్."

వైసేయా గుమ్మంలో నిలబడ్డాడు. అంత మనిషీ తలుపు చెక్కని పట్టుకుని నలుగుతున్నాడు. "పిన్నీ, నిజంగా నాకు పద్దెనిమిదేనేమో. అందరూ అంటుంటే నాకే అనుమానమొస్తోంది. నేను పుట్టడం నేను చూళ్ళేదుగా."

"నేను చూశాను కదరా!" లోపల్నించి ఉనైసి ఏడుపు గొంతుతో కసిరింది. తొరికా మళ్ళీ లోపలికి నడిచింది.

"ఈ మచ్చేంటి? నాకెందుకు చెప్పలేదు?"

ఉనైసి చాప అంచు పీకింది. "ఆరు వేళ్ళతో పుట్టాడక్కా. మా అమ్మ దారం కట్టింది. ఎండి రాలిపోయింది. మీ అత్తారి వైపు ఒక్కరికీ తెలియనివ్వకు, మన వంశంలో లోపముందంటారు అంది. మా వైపు ఎవరికీ లేదు ఆ పాడు వేలు, ఎక్కణ్ణించొచ్చిందో. ఆయనక్కూడా చెప్పలేదు. చిన్నప్పుడు దెబ్బ తగిలిందన్నా."

"ఒక్కరికీ లేదా? గట్టిగా తెలుసా?"

"పురుడు పోసింది మా అమ్మ. ఆ దీవిలో సగం మందికి ఆవిడే పోసింది. ఆవిడకి తెలీదా?"

తొరికా మొహంలో చిరాకు అలాగే ఉంది గానీ కళ్ళు మారాయి. గుర్రప్పకి ఆ కళ్ళు తెలుసు. తాళం తీసి బండి స్టార్టు చేశాడు.

---

జొసాయా ఇంటి ముందు ఇనప రోట్లో ఇనప రోకలి దెబ్బలు వీధి చివరికి వినిపిస్తున్నాయి. నీళ్ళలో కలిపి మత్తుకి తాగే యంగోనా వేర్లు దంచి, పొడి చేసి, పొట్లాలు కట్టి బజార్లో అమ్మడం అతని వ్యాపారం. తండ్రి నించి వచ్చిన రోకలి అది. ఇప్పుడు దంచుతున్నవాడు అతని కొడుకు ఎపేలి, వైసేయా ఈడువాడే. ఆ జట్టులోనే ఉన్నాడు, కాకపోతే బెంచీ మీద.

లోపల చాప మీద కొయ్య తొట్టి చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. జొసాయా, అతని తమ్ముడు తనియేలా, కమిటీ కార్యదర్శి లివాయ్. యంగోనా అప్పటికే కలిపి ఉంది. ఆచారం ప్రకారం యంగోనా వేరు కానుకగా పట్టుకుని వచ్చిన తొరికాను మర్యాదగా కూర్చోబెట్టారు. తనియేలా మాత్రం చేతులు చంకల్లో దోపుకుని గోడ వైపు తిరిగాడు.

"మా ఆడమనిషి పంపిందా నిన్ను?" అన్నాడు.

"పేరుంది ఆమెకి. ఉనైసి."

"నేను లెబనాన్‌లో ఎండలో కాపలా కాశాను. ఆ మనిషి ఉత్తరాలు తల కింద పెట్టుకుని పడుకున్నాను. అదంతా అబద్ధమని ఫిల్ము చెప్తోంది. ఇంక నాతో మాట్లాడకండి."

లివాయ్ గొంతు సవరించుకున్నాడు. "నియమం నియమమే తొరికాగారూ. ఫిర్యాదు ఎవరు చేశారన్నది మాకనవసరం. ఫిల్ము ఉంది, డాక్టరు సంతకం ఉంది."

"మీ ఊరి జట్టుని పోయినేడు ఈ కుర్రాడే ఓడించాడట?"

"ఛ! దానికీ దీనికీ ముడిపెడతారా!" ఆయన మొహం జేవురించింది. "నేనసలు ఆ కవరు ముట్టుకోలేదు. ఆస్పత్రి నించి డాక్టరు దగ్గరికి వ్యానులో వెళ్ళింది."

"వ్యాను నడిపింది నేనే," అన్నాడు జొసాయా వెంటనే. నెమ్మదైన మనిషి, గొంతు కూడా మెత్తన. "పిల్లల్ని తీసుకెళ్ళాను, కవర్లు ఇచ్చొచ్చాను. నాకు మాత్రం బాధ కాదా చెప్పండి? వైసేయా నా కొడుకుతో సమానం. ఆస్పత్రులంటే నాకు భయం. పిల్లల కోసం తప్ప ఆ గడప తొక్కను."

కొబ్బరి చిప్ప తొరికా చేతికొచ్చింది. ఆమె తాగింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆనవాయితీగా అరచేతులు దొప్పల్లా వంచి చప్పట్లు కొట్టారు. లివాయ్ కుడి చెయ్యి పైనించి ఎడమ చేతి మీద పడింది. తనియేలా చంకల్లోంచి అయిష్టంగా చేతులు తీశాడు, అతనిదీ కుడి చెయ్యే పైన. జొసాయాది ఎడమ చెయ్యి పైన. మెల్లగా, అంటీ అంటనట్టు కొట్టాడు.

"కొడుకు చేత దంచిస్తున్నారే? మీరు మానేశారా?" అంది తొరికా చిప్ప తిరిగిస్తూ.

"కుర్రాళ్ళు నేర్చుకోవద్దూ?"

బయటికొచ్చాక గుర్రప్ప గొణిగాడు. "ఒక్కడూ ఒక్క ముక్క కూడా చెప్పలేదక్కా."

"అవసరం లేదు. రేపు డాక్టరు వస్తోందో లేదో ఒకసారి ఫోన్ చేసి కనుక్కో. ఆవిడ కూడా ఓడెక్కేస్తే నేను ఈ సముద్రంలో దూకుతాను."

---

శనివారం క్లబ్బు హాలు చాపల మీద జనం కిటకిటలాడారు. లివాయ్ కాగితం విప్పబోతుంటే తొరికా మోకాలు తిట్టుకుంటూ లేచింది.

"ఆగండి. ముందు మీకో చెయ్యి చూపించాలి."

డాక్టర్ సలోతే ఇచ్చిన ఫిల్మును గుర్రప్ప కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. అదృష్టం, ఆ పూట వాన కాస్త తెరిపిచ్చింది.

"ఈ ఎముకలు పెద్దవాడివే. డాక్టరు తప్పు రాయలేదు. కానీ బొటనవేలు మొదలు చూడండి. మెత్తటి పొర అరిగిపోయి ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. దెబ్బ తగిలితే ఒక చోట విరిగి అతికిన గీత ఉండాలి. అవునా డాక్టర్?"

సలోతే ఫిల్ము దగ్గరికెళ్ళి, ఈసారి శ్రద్ధగా చూసింది. "ఉండాలి. విరిగిన గుర్తు లేదు. ఇది అరుగుదలే," అని ఒప్పుకుంది. "చాలా ఏళ్ళది. నేను గీతలే చూశాను. ఇది కూడా చూడాల్సింది."

"బళ్ళో కుర్రాడికి చాలా ఏళ్ళ అరుగుదల ఎలా వస్తుంది? కాబట్టి ఇది వైసేయా చెయ్యి కాదు. దారిలో ఎవరో ఫిల్ము మార్చి, పేరు చీటీ పీకి దీనికి అంటించారు. మరి ఇదెవరిది? ఎడమ చెయ్యి ఇంతగా అరిగింది కాబట్టి ఎడమ చేతి వాటం మనిషిది. బొటనవేలు బిగించి బరువైనదేదో జీవితమంతా పట్టుకున్న మనిషిది."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. లివాయ్ నుదురు తుడుచుకున్నాడు. "ఊరికో వందమంది ఉంటారు అలాంటివాళ్ళు."

"ఉంటారు. అందుకే ఈ గింజ." తొరికా చిటికెన వేలి పక్కన వేలు పెట్టింది. "ఇది ఆరో వేలు మొదలు. నిన్న నన్ను చంపేసింది ఇదే. ఎందుకంటే వైసేయాకీ ఉంది. పుట్టగానే అమ్మమ్మ దారం కట్టింది. చెయ్యేమో వాడిది కాదు, గుర్తేమో వాడిది. ఇదెలా కుదురుతుంది? ఒకే ఒక్క తీరుగా కుదురుతుంది. ఈ చెయ్యి వాడి రక్తసంబంధీకుడిది. తల్లి వైపు ఆరో వేలు ఎవరికీ లేదు. ఇక మిగిలింది తండ్రి వైపు."

తనియేలా తల ఎత్తాడు.

"ఎడమ చేతి వాటం. కవర్లు మోసిన మనిషి. వైసేయా తప్పుకుంటే బెంచీ మీంచి లేచే కొడుకున్న మనిషి. చిన్నప్పట్నించీ ఇనప రోకలి ఎత్తి దించి, ఇప్పుడు నొప్పి భరించలేక కొడుకు చేతికిచ్చిన మనిషి. జొసాయా అన్నా, నీ ఎడమ చెయ్యి ఇలా చాప మీద పెట్టు."

జొసాయా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఇదేం అన్యాయం! ఇంతమంది ముందు చేతులు చాపమంటారా?"

"పెట్టన్నయ్యా," అన్నాడు తనియేలా.

"తమ్ముడూ, ఈవిడ మాటలు..."

తనియేలా తన కుడి చెయ్యి చాప మీద వెల్లకిలా పెట్టాడు. చిటికెన వేలి పక్కన తెల్లటి మచ్చ. "నాది కుడి చేతికి. నీది ఎడమకి. నాన్నకి రెండిటికీ. ఎవరికీ చెప్పకండి, పెళ్ళాలక్కూడా చెప్పకండి, లోపమున్న వంశమంటారు అని అమ్మ మనిద్దరి చేతా ఒట్టేయించుకుంది. పెట్టు."

జొసాయా ఎడమ చెయ్యి చాప మీద పెట్టాడు. చిటికెన వేలి పక్కన అదే మచ్చ.

"నొప్పి అని ఆ రోజే నాకూ తీయించుకున్నాను," అన్నాడు వినీ వినిపించకుండా. "వ్యానులో రెండు కవర్లూ పక్కపక్కన ఉన్నాయి. ఫిర్యాదూ నేనే రాశాను. ఒక్క సీజను వాడు కూర్చుంటాడు, మావాడు ఆడతాడు, పోయేదేముంది అనుకున్నా. కాపరం దాకా వస్తుందని దేవుడి తోడు అనుకోలేదు."

"అనుకోకపోతే పోనీ," తొరికాకి ఒళ్ళు మండిపోయింది. "తమ్ముడు సంచి పట్టుకుని నీ గడపెక్కాడు కదా! అప్పుడైనా నోరు తెరవాలా వద్దా? రోజూ వాడికి చేపల పులుసు పోసి, వాడు పెళ్ళాన్ని తిడుతుంటే పక్కన కూర్చుని విన్నావు!"

"సిగ్గేసింది. రోజు గడిచేకొద్దీ ఇంకా సిగ్గేసింది."

"అసలు ఫిల్మేది?"

"పొయ్యిలో పెట్టాను."

లివాయ్ కాగితం మడత పెట్టాడు. వైసేయా మీద మచ్చ లేదని అందరి ముందూ చెప్పాడు, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ కొత్త ఫిల్ము లేకుండా జట్టులోకి తీసుకోవడం కుదరదట, మిషను బాగయ్యేసరికి పోటీలు అయిపోతాయట. తండ్రి మోసం చేశాడు కాబట్టి ఎపేలి కూడా వద్దట. నియమం నియమమే. తొరికా ఆయన బదులు గుర్రప్పని కసిరింది.

---

సభ అయ్యాక ఉనైసి టాక్సీ ఎక్కింది. రైవాంగా చేరేసరికి ఆమె ఇంటి అరుగు మీద తనియేలా మోకరిల్లి ఉన్నాడు. అడ్డదారిన వచ్చినట్టున్నాడు, ఒంటి నిండా బురద. రెండు చేతుల్లో తాడు కట్టిన తిమింగలం పన్ను, క్షమాపణ అడగడానికి పెద్దలు పట్టుకెళ్ళేది, ముందుకి చాపి ఉంది. దాన్ని ఆమె ముట్టుకుంటే క్షమించినట్టు. ముట్టుకోకుండా తిప్పి పంపేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు.

ఉనైసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మళ్ళీ ఎముకేనా?"

"పన్ను," అన్నాడు తనియేలా.

"ఏదైతే ఏంటి! పదహారేళ్ళు కాపరం చేసి చెప్పాను, వాడు నీ కొడుకని. చాల్లేదు. మీ అన్న దొంగ ఫిల్ములో గింజంత ఎముక చెప్తే చాలింది. ఇప్పుడు నీ తరపున ఈ పన్ను మాట్లాడాలా? నీకు నోరు లేదా?"

తనియేలా పన్ను వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. పన్ను అరుగు మీద పక్కన పెట్టేశాడు.

"నీ మాట నమ్మాల్సింది. నమ్మలేదు. తప్పు నాది."

"నాకు తర్వాత చెప్పొచ్చు. నేను వింటానో లేదో కూడా తర్వాత చూద్దాం. ముందు వాడికి చెప్పు."

హాలుకి రానని ఇంట్లోనే ఉండిపోయిన వైసేయా పెరట్లో కర్రపెండలం తవ్వుతున్నాడు. తండ్రి రావడం చూసి పార వదిలేసి చటుక్కున కింద కూర్చున్నాడు. పెద్దవాళ్ళు దగ్గరికొస్తే వాళ్ళ తల కంటే పైన తల ఉంచకూడదని పుట్టినప్పట్నించీ నేర్పిందే. తలుపు మొహం మీద వేసిన తండ్రి ముందు కూడా వాడు ఆ మర్యాద మర్చిపోలేదు. అది చూసి తనియేలా ఆగిపోయాడు. మొహం నలిగిపోయింది.

"బయల్దేరదామా అక్కా?" అన్నాడు గుర్రప్ప స్టీరింగు పట్టుకుని.

"ఉండు," అంది తొరికా.

వాన మళ్ళీ మొదలైంది. తనియేలా ఇంకో రెండడుగులు వేసి, కొడుకు ముందు బురదలో బోర్లా పడ్డట్టుగా ఒంగి, వాడి కంటే కిందకి తల దించాడు. వైసేయా కంగారుగా లేవబోయాడు. తండ్రి వాడి ఎడమ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాన్నా, వద్దు, ఎవరన్నా చూస్తారు," అన్నాడు కుర్రాడు.

"చూడనీ," అన్నాడు తనియేలా.